చెక్‌పోస్టు బస్టాపులో ఒక నవల

నా రివ్యూ తీసేసిండ్రు.

కృష్ణానగర్ నెట్ సెంటర్లో కూసొని ఒక పుస్తకాల సైటుకు గంటన్నర కొట్టిన రివ్యూ అది. ఇంగ్లిష్ అక్షరాలు నొక్కితే తెలుగు పడుతది, ఒక్కో ఒత్తుకు మూడు తప్పులు. అంత తిప్పలపడి రాస్తే, తెల్లారి చూసేసరికి దాని జాగాలో ఒక్క లైను. "సమీక్షకులు పుస్తకం పూర్తిగా చదవలేదు కాబట్టి తొలగించాం. సాత్విక."

ఎవరీ సాత్విక?

నేను కొంరెల్లిని. మోతీనగర్‌లో పుట్టిన, టెంత్ తప్పిన. అప్పటిసంది ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకొని నాకు నేనే చదువు చెప్పుకున్న. చదువుడు గురించి నాకు చెప్పెటోళ్లు పుట్టలేదనుకున్న. మెయిల్ కొట్టిన.

"నేను పూర్తిగా చదవలేదని మీకెట్ల తెలుసు?"

పది నిమిషాల్లో జవాబు. "మీరే రాశారు కదండీ, నలభయ్యో పేజీ దగ్గర పుస్తకాన్ని గోడకు కొట్టిన అని. కొట్టాక మళ్ళీ తీసి చదివినట్టు ఎక్కడా రాయలేదు."

"అన్నం ఉడికిందో లేదో తెలువనికి కుండంత తినాల్నా? ఒక్క మెతుకు సాలదా?"

"మెతుకు లెక్క అన్నానికండి. పుస్తకానికి కాదు. నలభై ఒకటో పేజీలో బావుందేమో, ఎవరు చెప్పొచ్చారు?"

కోపంతో ఆ పుస్తకం మళ్ల తీసిన. నలభై ఒకటో పేజీ నిజంగనే బాగుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలే.

ఆ సైటు పేరు "చదివాక". రెండువేల ఎనిమిది. మాదాపూర్‌లో నెలకో అద్దాల బిల్డింగ్ లేస్తున్న రోజులు. ఆ అద్దాల వెనక పనిచేసే ఐదారుగురు పుస్తకాల పిచ్చోళ్లు కలిసి దాన్ని పెట్టిండ్రు. వాళ్లల్ల సాత్విక ఒకామె. ఎవరన్నా సరే, చదివిన పుస్తకం పేరు పెట్టి దాని గురించి రాయొచ్చు. రూల్స్ రెండే. చదవకుండ రాయొద్దు. ముగింపు చెప్పొద్దు.

నేను మొదటిసారి ఆ పేజీ తెరిచిననాడు అక్షరాల బదులు అన్నీ డబ్బాలే కనిపించినయి. నెట్ సెంటర్ ఓనరు ఏదో సీడీ పెట్టి గెలికిండు. డబ్బాలన్నీ ఒక్కసారే తెలుగైనయి. కుర్చీలోంచి లేచి నిలబడ్డ. సిరిసిల్లలో ఒక టైలరు, మస్కట్‌లో ఒక క్రేన్ ఆపరేటరు, నర్సీపట్నంలో ఒక నర్సు, ఒకే నవల గురించి కొట్లాడుకుంటున్నరు. ఒకరి మొఖం ఒకరు చూడలే. ఒకరి కులం ఒకరికి తెల్వదు. కొట్లాటంతా ఒక్కటే, ఆ నవలలో తల్లి తప్పు చేసిందా లేదా. తెలుగోళ్లు చదువుడు మానేసిండ్రని టీవీలల్ల ఏడ్చెటోళ్లను పట్టుకొచ్చి ఆ కుర్చీలో కూసోబెట్టాలె అనిపించింది.

ఇగ నా పని సంగతి. ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత సూర్యనారాయణ గారి ఆఫీసు, స్టోరీ డిపార్ట్‌మెంట్. పేరు పెద్దది, పని చిన్నది. నలుగురు కూసొని కాఫీలు తాగుకుంట కథ అల్లేదాన్ని సిట్టింగ్ అంటరు. ఆ సిట్టింగ్‌లో వాళ్లకు కథలు తెచ్చి చెప్పాలె. నాలుగేండ్లు చెప్పిన. నా సీన్లు తెర మీద చూసి మా అవ్వ కొమురమ్మ ఈలలేసింది. "నీ పేరేది కొడుకా?" అంటే మాత్రం తల దించుకున్న. ఒక్క కార్డు. "కథ: కొంరెల్లి" అని ఒక్క కార్డు తెర మీద పడితే సాలు. గదే నా పానం.

ఆ జులైలో "చదివాక"లో ఒక రివ్యూ కనిపించింది. పుస్తకం పేరు "గురువారం ట్రంక్ కాల్". రాసింది రాజ్యలక్ష్మి. రివ్యూ రాసింది సాత్విక.

"వరంగల్ ఎక్స్‌ఛేంజ్‌లో ట్రంక్ కాల్స్ కలిపే ఒక అమ్మాయి. ప్రతి గురువారం భిలాయ్ నుంచి ఒక భర్త, ఇక్కడ పోస్టాఫీసులో నిలబడ్డ భార్యకి ఫోన్ చేస్తాడు. మూడు నిమిషాలు. ఇద్దరికీ మాటలు రావు. తిన్నవా, తిన్న. మిగతాదంతా ఊపిరే. ఆ ఊపిరి వింటూ ఈ అమ్మాయి ప్రేమంటే ఏమిటో నేర్చుకుంటుంది. ఒక గురువారం అట్నుంచి కాల్ రాదు. అతను ఇక లేడని ఆపరేటర్‌కి తెలుస్తుంది. భార్యకి తెలీదు. ఆమె పోస్టాఫీసులో రిసీవర్ పట్టుకుని నిలబడి ఉంది. ఆపరేటర్ చెయ్యి లైను కలిపే ప్లగ్గు మీద ఉంది. తర్వాతేం జరిగిందో చెప్పను. ఆ పేజీ చదివి నేను ఎక్కాల్సిన బస్సులు మూడు వదిలేశాను."

పక్క సీట్లోడు, "అన్నా, ఏడుస్తున్నవా?" అన్నడు.

"ఏసీ గాలి," అన్న. ఆ సెంటర్లో ఫ్యాను గూడ సక్కగ తిరగదు.

మరునాడు సిట్టింగ్‌లో సూర్యనారాయణ గారు, "ఏవయ్యా, కొత్తగా ఏవన్నా ఉందా?" అన్నరు. నోరు తెరిచిన. ట్రంక్ కాల్ కథ దూకింది. నాదే అన్నట్టు చెప్పిన. చెప్తున్నకొద్దీ గదిలో కప్పుల చప్పుడు ఆగిపోయింది. పోస్టాఫీసు దాకా వచ్చిన. ప్లగ్గు దాకా వచ్చిన.

సూర్యనారాయణ గారు కండువాతో కళ్లు ఒత్తుకున్నరు. "నాలుగేళ్ళలో ఇదయ్యా నువ్వు చెప్పిన కథ! కార్డు వేస్తున్నాను. కథ, కొంరెల్లి. ఊఁ, క్లైమాక్స్ చెప్పు."

గప్పుడు వెలిగింది నాకు. నేను చదివింది రివ్యూ. పుస్తకం కాదు. రివ్యూలో ముగింపు లేదు.

"సోమవారం చెప్త సార్," అన్న. "జర చెక్కాలె."

కిందికొచ్చి ఉర్కుకుంట నెట్ సెంటర్‌కు పోయిన. "సాత్విక గారూ, ఆపరేటర్ ఏం చేసింది? అర్జెంటు."

"పుస్తకం చదవండి."

ఆ సాయంత్రమంత తిరిగొచ్చి మళ్ల మెయిల్ కొట్టిన.

"ఆబిడ్స్, కోఠి, చిక్కడపల్లి అంత తిరిగిన. యాడ దొరకలే."

"దొరకదండి. నాకూ మా వెంగళరావు నగర్‌లో పాత పేపర్ల కొట్టులో దొరికింది. అట్ట లోపలి పేజీ చిరిగిపోయింది, అచ్చు వేసినవాళ్ళ అడ్రసు కూడా లేదు."

"మీ కాపీ రెండ్రోజులు ఇస్తరా?"

"ఇవ్వను. ఇచ్చిన పుస్తకాల్లో మూడు వెనక్కి రాలేదు. కావాలంటే నా ఎదురుగా కూర్చుని చదువుకోండి. సాయంత్రం ఐదున్నరకి ఆఫీసు బస్సు నన్ను జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దించుతుంది. ఒక గంట ఉంటాను. బస్టాపులో."

నవలను బస్టాపులో, కాపలా నడుమ చదువుడు! నా బతుకుల గిట్లాంటి పరీక్ష రాయలే.

బుధవారం ఐదున్నర. కళ్లద్దాల టీచరమ్మ వస్తదనుకున్న. మెడలో ఆఫీసు ట్యాగు, చేతిలో విరిగిన గొడుగు, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకొని కుంటుకుంట ఒకామె దిగింది. పాతికేండ్లుంటయి. నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"గోడ మీరేనా?"

"ఏం గోడ?"

"అదేనండీ, పుస్తకాన్ని కొట్టిన గోడ."

"నేను కొట్టినోన్ని. గోడ వేరే."

ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు నూట ఇరవై ఏడో నంబరు బస్సు ఆగి, ఎవరూ ఎక్కక, మళ్ల పోయింది. కనీసం నాకట్ల అనిపించింది.

బ్యాగులోంచి బ్రౌన్ పేపర్ అట్టేసిన పుస్తకం తీసి నా చేతుల్లో పెట్టింది, పసిపిల్లను ఇచ్చినట్టు. "పేజీ మడవకండి. వేలు తడి చేసుకోకండి. వెన్ను విరిచి పట్టుకోకండి."

"ఊపిరి తీసుకోవచ్చునా?"

"మెల్లిగా."

బెంచీకి ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. రోడ్డు మీద హీరోల కార్లు పోతున్నయి. వాటిని చూసి జనం చేతులూపుతున్నరు. నేను తలెత్తలే. ఆ రాజ్యలక్ష్మి ఎవరోగని, వాక్యం చిన్నగ రాస్తది, పెద్దగ కొడతది. చదువుతుంటె హెడ్‌ఫోన్ నా చెవులకే పెట్టినట్టు, భిలాయ్ నుంచి వైరు నా ఒంట్లోంచే పోతున్నట్టు ఉండె.

రెండోనాడు వాన. బస్టాపు రేకుకు ఏడెనిమిది బొక్కలు. నేను పుస్తకాన్ని అంగీల దాచేలోపే ఆమె లాక్కొని చున్నీలో చుట్టి, బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు మీద వంగి కూసుంది. వీపంత తడుస్తున్నది.

"మీరు తడుస్తున్నరు!"

"నేను ఆరతానండి. అది ఆరదు."

నేను లేచి బొక్క కింద నిలబడ్డ, నీళ్లు నా నెత్తిన పడేటట్టు. ఆమె తలెత్తి చూసింది. కనురెప్పల మీద చినుకులు. వాన తగ్గినంక పుస్తకం ఇచ్చింది. నేను చదువుతుంటె, "నూట పన్నెండో పేజీలో ఉన్నారు కదూ?" అంది.

"ఎట్ల తెలుసు?"

"మీ నోరు తెరుచుకుంది. నాకూ అక్కడే తెరుచుకుంది."

శుక్రవారం చివరి పేజీకొచ్చిన. ఆ ముగింపు మీకూ చెప్ప. ఇంత మటుకు చెప్త. ఆపరేటర్ నోట్లోంచి ఒక్క మాట వస్తది, అంతే. ఆ మాట చదివినంక చెక్‌పోస్టు కాడ హారన్లు బందైనట్టు అనిపించింది. నాలుగేండ్ల నుంచి వంద క్లైమాక్సులు చెక్కినోన్ని. ఫైటింగులు, యాక్సిడెంట్లు, వానలో పరుగులు. ఈమె ఒక్క మాటతో ముగించింది. మనిషి ఇట్ల గూడ రాయగలదా? ఇసొంటి పుస్తకం పాత పేపర్ల కొట్టులో కిలోల్లెక్కన పడి ఉందా?

"ఎన్ని బస్సులు పోయాయి?" మెల్లగ అడిగింది సాత్విక.

"చూడలే."

"నేను లెక్కపెట్టాను. ఐదు. నా రికార్డు మూడే." ఆమె కళ్లు మెరుస్తున్నయి. "ఇంతలా చదివేవాళ్ళు మీరొక్కరే దొరికారండి నాకు. అవునూ, ముగింపు అంత అర్జెంటుగా ఎందుకడిగారు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ పుస్తకం ఇంకా నా చేతుల్లనే ఉంది. చెప్పలేకపోయిన. టెంత్ తప్పిన కాడినుంచి సిట్టింగ్, కార్డు, సోమవారం, అంత చెప్పేసిన.

ఆమె మొఖంలో వెలుగు ఆరిపోయింది. "అంటే, ఈ కథ మీదని చెప్పేశారా?"

"పేరు కోసం. నాలుగేండ్ల నుంచి..."

"ఆవిడకి పేరొద్దా? రాజ్యలక్ష్మి గారికి? ఆవిడ ఎక్కడుందో, అసలుందో లేదో, నేను వెతకని చోటు లేదు. మీరు సిట్టింగ్‌లో కూర్చుని ఆవిడని చెరిపేశారా?" పుస్తకం లాక్కుంది. "మీరా నోరు తెరిచి చదివింది? దొంగ కూడా నోరు తెరుస్తాడండి, సొమ్ము చూసి!"

అప్పుడే వచ్చిన బస్సు ఎక్కి పోయింది. పిన్నీసు ఊడిన చెప్పు ఒకటి మెట్టు కాడ జారిపోయింది. దిగి తీసుకోలే. నేను ఆ చెప్పు చేతపట్టుకొని చెక్‌పోస్టు కాడ నిలబడ్డ. రాజకీయ నాయకుల దొంగతనాల మీద గంటలు గంటలు వాదించినోన్ని. దొంగ అనే మాట నాకు తగులుతదని ఏనాడూ అనుకోలే.

సోమవారం. సూర్యనారాయణ గారు, డైరెక్టరు, ఇంకో ఇద్దరు. కాఫీలొచ్చినయి.

"ఊఁ, కానీయ్ కొంరెల్లీ. ప్లగ్గు మీద చెయ్యి."

"సార్, ఈ కథ నాది కాదు. ఒక నవల. రాసినామె పేరు రాజ్యలక్ష్మి. ఆమెను వెతికి, హక్కులు అడిగి, ఆమె పేరేస్తమంటే ముగింపు చెప్త."

డైరెక్టరు నవ్విండు. "ఎవడు చదివాడయ్యా ఆ నవల?"

"నేను చదివిన సార్."

"నువ్వొక్కడివి చదివితే ఏంటంట?"

"ఒక్కడు చదివితే సాలదా సార్, దొంగతనమని తెలువనికి?"

గది చల్లబడ్డది. సూర్యనారాయణ గారు చెడ్డోడేం కాదు. ఆయనకు నిజంగనే అర్థంగాలే. "పిచ్చోడా, నీ కార్డు వదులుకుంటావా? క్లైమాక్స్ మేమే వేసుకుంటాం. ఆపరేటర్‌ని హీరో చేద్దాం. మిమిక్రీ వచ్చినోడు. మొగుడి గొంతుతో ఆ అమ్మాయితో మాట్లాడతాడు. ఎలా ఉంది?"

"ఆ ఒక్క మాట ముందల మీ మిమిక్రీ బూడిద సార్."

"పోరా బయటికి!" అన్నడు డైరెక్టరు.

పోయిన. ఫిల్మ్‌నగర్ గుట్ట దిగినంతసేపు ఒక్కటే ఆలోచన, అవ్వకేం చెప్పాలె అని. నెట్ సెంటర్లో కూసున్న. "చదివాక" తెరిచి కొట్టుడు మొదలువెట్టిన. ఒత్తులు తప్పినా ఆగలే.

"నేను కొంరెల్లిని. గురువారం ట్రంక్ కాల్ అనే నవలను చదవకముందే నా కథ అని చెప్పి అమ్మబోయిన. చదివినంక నోరు రాలే. ఇది రాజ్యలక్ష్మి గారి కథ. రేపు ఎవరన్నా తెర మీద ఇదే కథ ఇంకో పేరుతో చూపిస్తే, వాళ్లు దొంగలు. నా లెక్కనే." ఆ కింద, నాకొచ్చినట్టు, ఆ పుస్తకం నన్నేం చేసిందో రాసిన. ముగింపు చెప్పలే.

సాయంత్రానికి ఇరవై కామెంట్లు. రెండ్రోజులకు మూడు వందలు. టైలరు, క్రేన్ ఆపరేటరు, నర్సు అందరొచ్చిండ్రు. "పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అన్న మాటే యాభై మంది అడిగిండ్రు. సూర్యనారాయణ గారి మేనేజర్ ఫోన్ చేసిండు. "ఆ రాసింది తీసెయ్. కార్డు నీకే, సార్ మాటిచ్చారు." ఆశ లేదని అబద్ధమాడ. "తియ్య," అని పెట్టేసిన. ఇంతమందికి తెలిసిన కథ మాకొద్దని వాళ్లు ఆ సినిమానే పక్కన పడేసిండ్రట.

కామెంట్లల్ల సాత్విక పేరు మాత్రం లేదు. నేను ఆ చెప్పు కుట్టించి పెట్టిన. పిచ్చి గాకపోతే ఏంది?

ఐదోనాడు, మూడు వందల నలభయ్యో కామెంటు.

"మా కోడలు కొడుతున్నది, నేను చెప్తున్న. నేను రాజ్యలక్ష్మిని. వరంగల్ ఎక్స్‌ఛేంజ్‌ల ఇరవై రెండేండ్లు చేసిన. ఆ పుస్తకం నేను రాసిన్నని మా ఇంట్ల సగం మందికి తెల్వదు. ఐదువందలు అచ్చు వేయించిన. నాలుగువందల అరవై మంచం కిందనే ఉన్నయి. మధురానగర్‌ల ఉంటున్న. మీరంత నిజంగ చదివిండ్రా?"

నా ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"చూశారా?" సాత్విక గొంతు.

"చూసిన."

"ఏడుస్తున్నారా?"

"లేదు."

"నేను ఏడుస్తున్నానండి." ముక్కు ఎగపీల్చింది. "మీ మెయిల్లో నంబరుంది. నాలుగు రోజులుగా నొక్కి కట్ చేస్తున్నా. ఆదివారం మధురానగర్ వస్తారా?"

ఆదివారం మేం పోయేసరికి రాజ్యలక్ష్మి గారు గుమ్మంలనే నిలబడి ఉంది. పొట్టిగ, తెల్లచీరలో. సాత్విక ఆఫీసు ప్రింటర్ మీద దొంగతనంగ తీసిన కాగితాల కట్ట తెచ్చింది, మూడు వందల నలభై కామెంట్లు. చాప మీద కూసొని ఒక్కొక్కటి చదివింది. ముసలామె కళ్లు మూసుకొని, తల పక్కకు వంచి వింటున్నది. ఇరవై రెండేండ్లు వైర్లలో మనుషుల్ని విన్న చెవులవి. గోడ గడియారం గూడ నాకు వినపడలే. గుడికి పోని మనిషిని నేను. ఆ గదిలో మాత్రం నా చేతులు వాటంతటవే దగ్గరికొచ్చినయి.

"ముప్పై ఏండ్లు బిడ్డా," అంది చివరికి. "ఒక్క ఉత్తరం రాలే. అవతల ఎవ్వరు లేరనుకున్న. లైను కట్టయిందనుకున్న." కొంగుతో మొఖం తుడుచుకొని నా దిక్కు తిరిగింది. "కొలువు పోగొట్టుకున్నది నువ్వేనా?"

"అవునమ్మా."

"ఏం చేస్తవ్ మరి?"

"తెల్వదు. నేనే ఒకటి రాసుకుంట. నా పేరు మీద."

"మంచిది." తర్వాత సాత్వికను చూసింది. "ఈ పిలగాడు నీకేమైతడు తల్లీ?"

నేను దబదబ అందుకున్న. "ఏం కానమ్మా, సైటుల పరిచయం..."

"ఇంకా ఆయనకి చెప్పలేదండి," అంది సాత్విక, కాగితాలు సర్దుకుంట. "ఈ వారంలో చెబుదామనుకుంటున్నా."

సాత్విక తలెత్తలే. చెవులు మాత్రం ఎర్రగ మండుతున్నయి.

రాజ్యలక్ష్మి గారు మోకాళ్లు పట్టుకొని లేచింది. "ఈ వారమెందుకు? ఇయ్యాల్నే చెప్పెయ్. చాయ్ పెట్టనికి నాకు పావుగంట పడుతది." వంటింటి కాడ ఆగి, వెనక్కి తిరగకుండనే అంది. "ఫికర్ చెయ్యకుండ్రి. నేను వినను."

తలుపు దగ్గరికేసింది.

"కొంరెల్లి గారూ," అంది సాత్విక.

"ఆఁ."

"మిమ్మల్ని దొంగ అన్నాను. అది వెనక్కి తీసుకోను, ఎందుకంటే అప్పుడు మీరు దొంగే. కానీ ఒప్పుకున్నోణ్ణి నేనింతవరకూ చూడలేదు. అలాంటి మనిషి పక్కన కూర్చుని చదువుకోవాలనుంది. చాలా పుస్తకాలున్నాయండి నా దగ్గర. మా నాన్నగారు టీచరు, అబ్బాయి ఏం చదివాడని అడుగుతారు. టెంత్ తప్పాడని చెప్తాను. తర్వాత మీరేం చదివారో మీరు చెప్పండి. పొద్దుపోతుంది ఆయనకి." ఆగింది. "ఏమన్నా అనండి. చెమటలు పడుతున్నాయి నాకు."

ఏం అనాలె? ఎన్ని సిట్టింగ్‌లల్ల ఎన్ని ప్రేమ డైలాగులు చెప్పిన! ఒక్కటి గూడ పనికిరాలే.

"ఎప్పుడు రావాలె మీ ఇంటికి?" అన్న.

వంటింట్లోంచి రాజ్యలక్ష్మి గారి గొంతు. "ఆదివారం! నన్ను గూడ తీస్కపొండ్రి!"